చేపల తొట్టెలో నీళ్ళు తేరుకోవాలంటే

(వారాంతపు తెలుగు రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరును మార్చకుండా అలాగే ఉంచాం.)



ఈ వారం నేను చెప్పబోయే విషయం చిన్నదే. ఇంట్లో అక్వేరియం పెట్టుకున్న ప్రతివాళ్ళకీ ఏదో ఒకరోజు ఎదురయ్యేదే. నిన్నటిదాకా అద్దంలా ఉన్న నీళ్ళు పొద్దున్న లేచి చూసేసరికి బియ్యం కడిగిన నీళ్ళలా తయారవుతాయి. లోపల చేపలు ఉన్నాయో లేవో కూడా సరిగ్గా కనపడదు. అప్పుడు మనం ఏం చేస్తాం? కంగారుపడి ఏదో ఒకటి చేసేస్తాం. ఆ కంగారులో చేసే పనే చాలాసార్లు చేపల ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఈ పది పదిహేను నిమిషాలు.

ముందు నా సొంత అనుభవం చెబుతాను. 2006లో మేము ఇక్కడ డాలస్ దగ్గర అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. మా అమ్మాయికి ఏడేళ్ళు. కుక్కపిల్ల కావాలని ఒకటే గొడవ. అపార్ట్‌మెంట్లో కుదరదు, పైగా ఇండియా వెళ్ళేటప్పుడు ఎవరికి అప్పజెప్పాలి? మీలో చాలామంది ఇళ్ళల్లో జరిగినట్టే మా ఇంట్లో కూడా చివరికి చేపల దగ్గర రాజీ కుదిరింది. పది గ్యాలన్ల తొట్టె, ఒక ఫిల్టరు, రంగురాళ్ళు, ఆరు చేపలు, అన్నీ ఒకే రోజు కొని తెచ్చి ఆ సాయంత్రానికే సిద్ధం చేశాం. కొట్లో అబ్బాయి కూడా సరేనన్నాడు.

మూడో రోజుకి నీళ్ళు తెల్లగా మసకబారాయి. నాలుగో రోజుకి ఇంకా చిక్కబడ్డాయి. నేనేం చేశానంటే, నీళ్ళు పాడయ్యాయి అనుకుని తొట్టె మొత్తం ఖాళీ చేశాను. రాళ్ళు కుళాయి కింద రుద్ది కడిగాను. ఫిల్టర్లో ఉన్న గుడ్డ తీసి పారేసి కొత్తది వేశాను. మన ఊళ్ళో చేసినట్టే ముందు రోజు రాత్రి బకెట్లలో పట్టి ఉంచిన కుళాయి నీళ్ళు పోశాను. తొట్టె తళతళ మెరిసిపోయింది. మర్నాడు పొద్దున్నకి ఆరింట్లో నాలుగు చేపలు చచ్చిపోయి తేలాయి.

మా అమ్మాయి ఏడవలేదు. తొట్టె దగ్గర నిలబడి, "నీళ్ళు బాగానే ఉన్నాయి కదా నాన్నా, మరి ఎందుకు చచ్చిపోయాయి?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ నేర్చుకున్నదే ఈరోజు మీకు చెబుతున్నాను. నేను జీవశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. దాదాపు ఇరవయ్యేళ్ళుగా చేపలు పెంచుతున్నవాణ్ణి, అంతే.

మొట్టమొదట తెలుసుకోవలసింది ఏమిటంటే, మసక అంతా ఒకటి కాదు. జ్వరం వచ్చిందంటే డాక్టరుగారు ఏ జ్వరమో చూసి మందిస్తారు కదా, ఇది కూడా అంతే. దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఒక గాజు గ్లాసులో తొట్టె నీళ్ళు పట్టి, వెనకాల తెల్ల కాగితం పెట్టి చూడండి. రంగు తెలుస్తుంది. తర్వాత ఆ గ్లాసుని కదపకుండా మూడు నాలుగు గంటలు పక్కన పెట్టండి.

అడుగున మట్టిలా పేరుకుని పైన నీళ్ళు తేరితే, అది కేవలం దుమ్ము. కొత్త రాళ్ళూ ఇసుకా సరిగ్గా కడగకపోతే వచ్చేది. దీనివల్ల పెద్ద భయం లేదు. ఫిల్టర్లో సన్నటి దూది లాంటి ఫ్లాస్ పెడితే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. రాళ్ళు తొట్టెలో వేసేముందే, పప్పు కడిగినట్టు నీళ్ళు తేటగా వచ్చేదాకా బకెట్లో కడుక్కుంటే ఈ బాధే ఉండదు. సబ్బు మాత్రం వాడకండి.

గ్లాసులో నీళ్ళు స్వచ్ఛంగానే ఉండి టీ డికాక్షన్ కలిపినట్టు రంగు ఉంటే, అది తొట్టెలో పెట్టిన కట్టెముక్కల్లోంచి దిగిన టానిన్ రంగు. చేపలకి హాని లేదు. మీ కంటికి నచ్చకపోతే ఆ కట్టెని ముందుగా నానబెట్టడం, ఉడకబెట్టడం, లేదా ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టడం చేయవచ్చు. కట్టె ఏదీ లేకుండానే నీళ్ళు పసుపు పచ్చగా మారుతుంటే మాత్రం, మీరు నీళ్ళు మార్చి చాలాకాలం అయిందని అర్థం.

నీళ్ళు ఆకుపచ్చగా ఉంటే అది నాచు. గోడకి పట్టే నాచు కాదు, నీళ్ళలో విడివిడిగా తేలే సూక్ష్మమైన నాచు. దానికి కావలసినవి వెలుతురు, ఎరువు. కిటికీ పక్కన తొట్టె పెడితే మన టెక్సాస్ ఎండకి ఇది తప్పదు. తొట్టెని కిటికీ దగ్గర్నుంచి జరపండి, లైటు రోజుకి ఎనిమిది గంటలు మించకుండా టైమరు పెట్టండి, మేత తగ్గించండి. అప్పటికీ పోకపోతే మూడు నాలుగు రోజులు తొట్టె మీద దుప్పటి కప్పి పూర్తిగా చీకటి చేయండి, గాలి పంపు మాత్రం నడవనివ్వండి. తర్వాత కొంత నీరు మార్చండి, ఎందుకంటే చచ్చిన నాచు కుళ్ళుతుంది. అల్ట్రావయొలెట్ దీపం ఉన్న ఫిల్టర్లు కూడా దీనికి బాగా పనిచేస్తాయి.

ఇంక చలికాలంలో కొందరు అడుగుతుంటారు, నీళ్ళు మార్చిన వెంటనే పాలలా అయిపోయి గంటలో వాటంతటవే తేరుకుంటాయి, ఎందుకని. చల్లటి నీళ్ళలో, అందులోనూ గొట్టంలో ఒత్తిడి మీద ఉన్న నీళ్ళలో గాలి ఎక్కువ కరిగి ఉంటుంది. బయటికి వచ్చి వెచ్చబడగానే అది చిన్న చిన్న బుడగలుగా విడిపోతుంది. ఆ తెలుపు బుడగలదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గ్లాసు గంటలు గంటలు పక్కన పెట్టినా అడుగున ఏమీ పేరుకోకుండా, తెల్లగా పల్చటి మజ్జిగ తేటలా అలాగే ఉండిపోతే, అది బాక్టీరియా. కొత్త తొట్టె పెట్టిన రెండో రోజుకీ వారానికీ మధ్య వచ్చేది దాదాపు ఎప్పుడూ ఇదే. నా తొట్టెలో వచ్చింది కూడా ఇదే.

ఇక్కడ రెండు రకాల బాక్టీరియా గురించి తెలుసుకోవాలి. ఒక రకం, మిగిలిపోయిన మేత, చేపల మలం, చచ్చిన ఆకులు, ఇలాంటివి తిని బతుకుతాయి. ఇవి చాలా త్వరగా, గంటల లెక్కన రెట్టింపవుతాయి. కొత్త తొట్టెలో వీటికి పోటీ లేదు, తిండి ఉంది. అందుకే కోట్లలో పెరిగి నీళ్ళని తెల్లబరుస్తాయి. తిండి అయిపోగానే వాటంతటవే తగ్గిపోతాయి. కొన్ని రోజులు, మహా అయితే రెండు వారాలు పడుతుంది.

రెండో రకం నిదానస్తులు. రెట్టింపు కావడానికి పూట, రోజు, అంతకంటే ఎక్కువ కూడా తీసుకుంటాయి. ఇవి నీళ్ళలో తేలవు, నీళ్ళని మసకబార్చవు. ఫిల్టరు గుడ్డకీ, రాళ్ళకీ అంటుకుని ఉంటాయి. చేపలు మొప్పల్లోంచి అమ్మోనియా విడుస్తాయి. మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియా వస్తుంది. ఈ నిదానస్తుల్లో కొన్ని ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తాయి, మరికొన్ని ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపకి విషమే. అమ్మోనియా మొప్పల్ని కాలుస్తుంది. నైట్రైట్ రక్తంలో చేరి, ప్రాణవాయువుని మోయలేనట్టు చేస్తుంది. నైట్రేట్ మాత్రం కొద్దిమొత్తంలో ఉంటే ఫరవాలేదు, వారం వారం కొంత నీరు మారిస్తే పోతుంది. ఈ పని చేసే బాక్టీరియాని మొదట వేరుచేసి చూపించినవాడు సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త, 1890 ప్రాంతంలో. ఆయన చూసింది మట్టిలో బాక్టీరియా. మన తొట్టెలో జరిగేదీ అదే పని.

ఈ రెండో రకం బాక్టీరియా సరిపడా పెరగడానికి కొత్త తొట్టెలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపల తొట్టె చూడ్డానికి ఎంత స్వచ్ఛంగా ఉన్నా లోపల అమ్మోనియా ఉండవచ్చు. అది కంటికి కనపడదు. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి సగం జవాబు ఇదే. మనకి కనిపించే తెలుపు చేపల్ని చంపేది కాదు. మరీ చిక్కగా ఉన్నప్పుడు నీళ్ళలో ప్రాణవాయువుని లాగేస్తుంది, అంతే. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే గాలి పంపు పెట్టాలి. చంపేది ఆ అమ్మోనియా.

మిగతా సగం జవాబు నేను చేసిన పనిలో ఉంది. నాలుగు రోజుల్లో ఫిల్టరు గుడ్డ మీద అప్పుడప్పుడే మొదలైన మంచి బాక్టీరియాని చెత్తబుట్టలో వేశాను. రాళ్ళ మీద ఉన్న కాసిన్నింటినీ కుళాయి నీళ్ళతో కడిగేశాను. అన్నిటికంటే పెద్ద తప్పు, రాత్రంతా పట్టి ఉంచిన నీళ్ళని నమ్మడం.

మన ఊళ్ళో కుళాయి నీళ్ళలో కలిపేది మామూలుగా క్లోరిన్. బకెట్లో ఒక రోజు ఉంచితే అది గాల్లోకి పోతుంది. కానీ అమెరికాలో చాలా ఊళ్ళలో క్లోరమీన్ కలుపుతారు, అంటే క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం. ఈ దేశంలో ఐదుగురిలో ఒకరికి పైగా తాగేది అలాంటి నీళ్ళే. మన డాలస్ చుట్టుపక్కలా అంతే. క్లోరమీన్ రాత్రికి రాత్రి పోదు, రోజుల తరబడి ఉంటుంది. మనం తాగితే అరిగిపోతుంది. చేపకి మొప్పల్లోంచి నేరుగా రక్తంలోకి వెళుతుంది. కాబట్టి తొట్టెలో పోసే ప్రతి నీటిబొట్టుకీ వాటర్ కండిషనర్ వేయాలి. సీసా మీద క్లోరిన్ ఒక్కటే రాసి ఉంటే చాలదు, క్లోరమీన్‌కి, అందులోంచి విడుదలయ్యే అమ్మోనియాకి కూడా పనిచేస్తుందని రాసి ఉండాలి.

ప్లేనో, ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ వైపు ఉన్నవాళ్ళకి ఇంకో మాట. అటు నీళ్ళిచ్చే నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ వాళ్ళు ప్రతి ఏటా వసంతంలో, మార్చి ప్రాంతంలో, సుమారు నాలుగు వారాలపాటు క్లోరమీన్ ఆపి ఉత్త క్లోరిన్ కలుపుతారు, గొట్టాలు శుభ్రంగా ఉండడానికి. ఆ నెలలో కుళాయి తిప్పితే వాసన మీకే తెలుస్తుంది. అప్పుడు నీళ్ళు మార్చేటప్పుడు కండిషనర్ కొలత తప్పకండి, ఒకేసారి ఎక్కువ నీళ్ళు మార్చకండి.

సరే, మరి నీళ్ళు తెల్లబడినప్పుడు ఏం చేయాలి? ముందు ఏం చేయకూడదో చెబుతాను. తొట్టె ఖాళీ చేయకండి. ఫిల్టరు గుడ్డ మార్చకండి. ఇంకో నాలుగు చేపలు కొనకండి.

చేయవలసింది ఒక టెస్ట్ కిట్ కొనడం. చుక్కలు వేసి రంగు చూసే రకం మంచిది. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ మూడూ చూడాలి. మొదటి రెండూ సున్నా ఉంటే, ఆ తెలుపుని చూస్తూ ఊరుకోండి, అదే పోతుంది. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ పావు పీపీఎం దాటితే, అంటే లీటరుకి పావు మిల్లీగ్రాము దాటితే, తొట్టెలో నాలుగోవంతు నీళ్ళు తీసి, అదే వేడిలో ఉన్న, కండిషనర్ వేసిన కొత్త నీళ్ళు పోయండి. అవసరమైతే రోజూ చేయండి. మంచి బాక్టీరియా నీళ్ళలో కాదు, గుడ్డకీ రాళ్ళకీ ఉంటుందని చెప్పుకున్నాం కదా, కాబట్టి దీనివల్ల అవి పోవు. మేత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే వేయండి.

పీహెచ్ కూడా చూసుకోండి. అమ్మోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి బాగా విషం, రెండోది అంత కాదు. 25 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో నూటికి ఒకవంతు కూడా విషరూపంలో ఉండదు. అదే పీహెచ్ 8 అయితే నూటికి ఐదు వంతులు దాకా ఉంటుంది. అంటే కిట్‌లో ఒకే రంగు వచ్చినా, ఒక ఇంట్లో చేప బతుకుతుంది, ఇంకో ఇంట్లో చచ్చిపోతుంది.

ఇక్కడ మా అమ్మమ్మగారి సంగతి గుర్తొస్తుంది. మాది రాజమండ్రి. వానాకాలంలో గోదావరికి కొత్తనీరు వస్తే బిందెలో నీళ్ళు ఎర్రగా ఉండేవి. అమ్మమ్మ చిల్లగింజని అరగదీసి బిందెలో కలిపేది. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటగా ఉండేవి. కొందరు పటిక తిప్పేవాళ్ళు. ఇక్కడ కొట్లలో వాటర్ క్లారిఫయర్ అని అమ్మే సీసాలు చేసేదీ అదే. సన్నటి రేణువుల్ని ముద్దలు కట్టిస్తాయి, ఫిల్టరు వాటిని పడుతుంది. దుమ్ముకి బాగానే పనిచేస్తుంది. బాక్టీరియా వల్ల వచ్చిన తెలుపుకి వేస్తే నీళ్ళు ఒకరోజు తేరతాయి, కారణం అలాగే ఉంటుంది కాబట్టి మళ్ళీ మసకబారతాయి. ఈలోగా అంతా బాగైపోయిందని మనం అమ్మోనియా చూడడం మానేస్తాం. అదీ ప్రమాదం. పూజగదిలో ఉంది కదా అని పటిక మాత్రం తెచ్చి వేయకండి, అది నీళ్ళని ఆమ్లంగా మార్చేస్తుంది.

అమ్మమ్మ దగ్గర నేర్చుకోవలసినది ఇంకొకటి ఉంది, అది పెరుగు తోడు. ఎన్ని పాలున్నా తోడు లేకపోతే పెరుగు కాదు కదా. కొత్త తొట్టెకీ తోడు పెట్టవచ్చు. మీ స్నేహితుల ఇంట్లో చాలాకాలంగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె ఉంటే, అందులో ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. ఆ తొట్టె నీళ్ళలోనే తడిగా ఉంచి, ఆలస్యం చేయకుండా తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టండి. ఆరు వారాల పని వారం పది రోజుల్లో అయిపోవచ్చు. ఆ తొట్టెలో జబ్బు చేపలు లేవని మాత్రం కనుక్కోండి.

ఇవన్నీ కొత్త తొట్టె సంగతులు. ఏళ్ళ తరబడి బాగున్న తొట్టె హఠాత్తుగా తెల్లబడితే అది వేరే కథ, ఏదో చెడిందని హెచ్చరిక. ముందు చేపల్ని లెక్కపెట్టండి. మొక్కల వెనకో రాళ్ళ కిందో ఒకటి చచ్చి పడి ఉండవచ్చు. ఫిల్టరు నడుస్తోందో లేదో చూడండి. ఎవరైనా దాన్ని కుళాయి కింద కడిగారేమో అడగండి. స్పాంజి కడగాలంటే తొట్టెలోంచి తీసిన నీళ్ళ బకెట్లోనే ముంచి పిండాలి. నెలకోసారి కొత్తది వేయమని డబ్బా మీద రాసి ఉంటుంది, చిరిగిపోయేదాకా అక్కర్లేదు.

2021 ఫిబ్రవరి మంచు తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ ఎన్నో ఇళ్ళకి కరెంటు లేదు. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్లలో నీళ్ళు కదలకపోతే కొన్ని గంటల్లో ప్రాణవాయువు అయిపోయి మంచి బాక్టీరియా చావడం మొదలవుతుంది. కరెంటు రాగానే స్విచ్చి వేస్తే ఆ కుళ్ళు నీరంతా తొట్టెలోకి వస్తుంది. కాబట్టి చాలాసేపు ఆగిన ఫిల్టరుని ముందు విప్పి, అందులో నీళ్ళు పారబోసి, స్పాంజి తొట్టె నీళ్ళలో పిండి, అప్పుడు పెట్టండి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, పెద్ద ఖర్చు కాదు.

ఇంకొకటి మన వాళ్ళకి ప్రత్యేకం. నెలరోజులు ఇండియా వెళుతూ చేపల్ని పక్కింటివాళ్ళకి అప్పజెబుతాం. పాపం వాళ్ళు ప్రేమతో రోజూ గుప్పెడు మేత వేస్తారు. వచ్చేసరికి తొట్టె పాలకుండ. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారంరోజులు తినకపోయినా ఏమీ కావు. మాత్రలు పెట్టుకునే డబ్బాలో ఒక్కో గదిలో ఒక్కో పూట మేత కొలిచిపెట్టి, వారానికి రెండు మూడు గదులు ఖాళీ చేస్తే చాలని చెప్పండి. మేత డబ్బా మాత్రం దాచేసి వెళ్ళండి.

చివరగా ఒక్క మాట. మా అమ్మాయి ఇప్పుడు ఆస్టిన్‌లో ఉద్యోగం చేస్తోంది. పోయినేడు తన అపార్ట్‌మెంట్లో తొట్టె పెట్టుకుంది. నాలుగో రోజు రాత్రి ఫోను. "నాన్నా, నీళ్ళు తెల్లగా అయిపోయాయి" అంది. "ఏం చేశావమ్మా?" అన్నాను కాస్త భయంగానే. "ఏమీ చేయలేదు. అమ్మోనియా అర పీపీఎం ఉంది, నాలుగోవంతు నీళ్ళు మార్చాను. నువ్వు వచ్చేటప్పుడు తోడు తీసుకురా" అంది.

ఆ శనివారం మూడున్నర గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళాం. వెనకసీట్లో మా ఆవిడ ఒళ్ళో మూత బిగించిన చిన్న బకెట్, అందులో మా తొట్టె నీళ్ళు, స్పాంజి ముక్క. తెలుపు పోవడానికి ఇంకో ఐదు రోజులు పట్టింది. చేపలన్నీ బతికాయి.

మీ ఇంట్లో నీళ్ళు మసకబారితే, తొట్టెలో చెయ్యి పెట్టేముందు గ్లాసులో నీళ్ళు పట్టి చూడండి, అమ్మోనియా చూడండి. తేరుకోవడానికి వాటికి కాస్త సమయం ఇవ్వండి.